మా అవ్వ చేసిన డాక్టరు

నర్సింగ్ చదువుతా అని ఇంట్ల చెప్పిన రోజు మా నాయిన స్టీలు బిందెలు తుడుస్తున్నడు. రాయచూరు బజార్ల మాది గిన్నెల దుకాణం. ముందర దుకాణం, వెనక ఇల్లు. రెండో పీయూసీ, అంటే ఇంటరు, అయినంక డాక్టరు చదువుకు పరీక్ష రాసిన, ర్యాంకు రాలే. మళ్ళ రాసిన, మళ్ళ రాలే. ఇగ నాయిన నాకు దుకాణంల ఒక స్టూలు వేసిండు. ఆ స్టూలు మీద కూసొని, వచ్చినోళ్ళకు చెంబులు, గంటెలు చూపెట్టుకుంట నేను మస్తు పరేషానైన. చదువులల్ల నా మనసుకు పట్టింది బయాలజీ ఒక్కటే. నాతోటి చదివిన ఒకడు నర్సింగ్‌ల చేరిండు. మొగపిల్లలను గూడ తీసుకుంటరు, జల్ది నౌకరి దొరుకుతది అని వాడే చెప్పిండు.

"మొగపిల్లలకు ఇస్తరా అది?" అని అడిగిండు నాయిన.

"ఇస్తరు."

"చదివినంక నిన్ను ఏమని పిలుస్తరు? సిస్టర్ అంటరా?"

"బ్రదర్ అంటరు నాయినా."

నాయిన మళ్ళ బిందె తీసుకొని, ఇంతకుముందు తుడిచిన జాగనే తుడవబట్టిండు. అమ్మ లోపలి నుంచి "చదవనియ్యిండ్రి. ఇద్దరు కూసుంటే గిరాకి ఏమన్న పెరుగుతదా?" అన్నది. నాయిన ఊ అనలే, ఉహూ అనలే. మా ఇంట్ల దాన్ని ఒప్పుకున్నట్టే లెక్క పెడ్తం.

మా అవ్వ, అంటే నాయిన వాళ్ళ అమ్మ, గడప మీద కూసొని చిక్కుడుకాయలు తుంచుతున్నది. మా మాటలల్ల ఆమె పడలే. అందరు లేచిపోయినంక నన్ను దగ్గరికి పిలిచింది.

"తెల్ల బట్టలు ఏస్తరా?"

"ఏస్తరు."

"సూదులు ఇస్తరా?"

"ఇస్తరు."

"దవాఖానల్నే ఉంటరా?"

"దవాఖానల్నే అవ్వా."

"మరి ఇగ తక్కువేముంది?" అని కాయల చాట ఎత్తుకొని లోపలికి పోయింది.

ఆ మాట ఏ దిక్కు పోతున్నదో నాకు అప్పుడు తెల్వలే. వారం తిరగకముందే మా పక్క బట్టల దుకాణపామె నన్ను ఆపి, "డాక్టరు అయితున్నవంట గద బేటా. మా ఇంటాయనకు నడుము నొప్పి, జర యాది పెట్టుకో" అన్నది. నేను ఇంటికి పోయి అవ్వ మీద గయ్యిమన్న. అవ్వ నిమ్మళంగ, "నేను దవాఖాన చదువు అన్న. వాళ్ళకు ఎట్ల వినపడ్డదో నాకేం ఎరుక?" అన్నది. పోనీ, ఇప్పుడన్న పోయి సరిగ్గ చెప్పు అంటే మోకాళ్ళ నొప్పి అన్నది.

అప్లికేషన్ నింపడానికి బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరుకు నాయిన, నేను పోయినం. ఆడ పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, సర్టిఫికెట్ల సంచులు, నిలవడనీకె జాగ లేదు. కరెంటు పోతున్నది, వస్తున్నది. సెంటరాయన ఒక చేత్తోటి బొరుగుల ఒగ్గాని తినుకుంట ఇంకో చేత్తోటి కీబోర్డు కొడుతున్నడు. మా ఇంటి పేరు కన్నడంల ఒక తీరు, ఇంగ్లీషుల ఒక తీరు ఉంటది. దాన్ని సరిచేపిచ్చుకోవడానికే అంతకుముందు తహసీల్ ఆఫీసు చుట్టు తిరిగి తిరిగి నా ప్రాణం పోయింది. అందుకే నా రెండు కండ్లు పేరు మీదనే ఉన్నయి. ఒక్కొక్క అక్షరం చదివి, సరే అన్న. ఆయన మాత్రం నర్సింగ్ అనంగనే, నా మొకం చూడకుండ, నన్ను అడగకుండ, ఆడపిల్ల అనే గడిల టిక్కు పెట్టిండు. అది నేను చూడలే. నాయిన చూడలే. చూడవలసిన ఆఫీసులోళ్ళు ఎవ్వరు గూడ చూడలే.

సీటు సింధనూరుల ఒక ప్రైవేటు కాలేజీల వచ్చింది. మా జిల్లానే. బస్సుల మాన్వి దాటి, కాలువ పొలాల నడుమ నుంచి పోవాలె. హాస్టలు గూడ ఇచ్చినం అని సీటు కాగితంల రాసి ఉన్నది. నాయిన, నేను చుట్టిన పరుపు, ట్రంకు పెట్టె, దుకాణంల నుంచి ఒక సంచెడు గిన్నెలు పట్టుకొని హాస్టలు గేటు కాడ దిగినం. హాస్టలు చూసుకునే మేడమ్ బయటికి వచ్చి కాగితం తీసుకున్నది. మా ఇద్దరి వెనక ఎవరన్న ఉన్నరేమో అని తొంగి చూసింది.

"హుడుగి ఎల్లి?" అని అడిగింది. పిల్ల ఏది అని.

"పిల్ల ఎవరమ్మా? వీడే పిల్లగాడు" అన్నడు నాయిన.

ఆమె కాగితం దిక్కు చూసింది. అప్పుడప్పుడే మొలుస్తున్న నా మీసాల దిక్కు చూసింది. పైన వరండాల బట్టలు ఆరేసుకుంటున్న పిల్లలు ఒకరినొకరు పిలుచుకొని మరీ వచ్చి చూసిన్రు. నాయినకు అప్పటికి గూడ అర్థం గాలే. పరుపు భుజం మీద పెట్టుకొని లోపలికి అడుగు పెట్టబోయిండు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

ఆఫీసుల క్లర్కు, "తప్పు ఏడ జరిగిందో ఆడనే దిద్దుకొని రావాలె" అన్నడు. రాయచూరుకు వచ్చినం. సెంటరాయన, "ఇప్పుడు సైటు బందయింది, కాలేజీ వాళ్ళే దిద్దాలె" అన్నడు. మళ్ళ సింధనూరు. క్లర్కు టీ తాగనీకె పోయిండు. వచ్చి, "నోటరీ కాగితం మీద రాసిచ్చి, ఇంటి పెద్దతోటి సంతకం పెట్టించుండ్రి" అన్నడు. మళ్ళ రాయచూరు వచ్చి, కోర్టు కాడ ఒక వకీలు దగ్గర ఆ కాగితం తయారు చేపిచ్చినం. నా కొడుకు మొగోడే అని నాయిన సంతకం పెట్టిండు. సంతకం పెట్టినంక మళ్ళ సింధనూరు బస్సెక్కినం. దిగినంక, "ఇంకో చదువేది లేకుండెనా?" అని మాత్రం అన్నడు.

కాగితం తీసుకున్నరు, సీటు ఉన్నది. హాస్టలు మాత్రం లేదు. మొగపిల్లలకు హాస్టలే లేదంట. మా క్లాసుల మొగపిల్లలం ఒక చేతి వేళ్ళకు గూడ సరిపోం. మా కోసం ఎవరు కడతరు?

ఇగ రూము వెతుకులాట. పెండ్లి గాని పిల్లగాడు అనంగనే సగం మంది తలుపు సగమే తీసిన్రు. ఏం చదువుతున్నవు అంటే నర్సింగ్ అన్న. మిగిలిన సగం మంది నవ్విన్రు. ఒకాయన, "కాలేజీల సీటు దొరకక ఇది చదువుతున్నవా, లేకపోతే ఆడపిల్లలు మస్తుగుంటరని చదువుతున్నవా?" అని అడిగిండు. కాళ్ళు గుంజుతున్నయి, ఎండ మండుతున్నది, చేతిల గిన్నెల సంచి లడలడమంటున్నది. నాయిన ఆ సంచిని ఏడ గూడ ఇడిచిపెట్టలే.

ఆఖరుకు ఒక ఇంటి మీద రూము దొరికింది. ఆ ఇంటామె ఒక్కతే ఉంటది. వాళ్ళు ఎప్పుడో తుంగభద్ర కాలువ వచ్చినప్పుడు కోస్తా దిక్కు నుంచి వచ్చి పొలాలు కొన్నోళ్ళు. కొడుకు ఊరి బయట క్యాంపుల, అంటే అట్ల వచ్చినోళ్ళు కట్టుకున్న పల్లెల, ఉండి సాగు చేపిస్తడు. నేను నాయినతోటి మాట్లాడేది విని ఆమె ఆశ్చర్యపోయింది.

"ఏం బాబూ, మీరు తెలుగువాళ్ళా?"

"అవు ఆంటీ."

"మరి అదేం తెలుగు? నాకు సగం అర్థమైతే ఒట్టు."

నేను కన్నడంల మాట్లాడితే కన్నడోన్ని అంటరు. ఉర్దూల మాట్లాడితే ఉర్దూ బాగున్నది అంటరు. నా ఇంటి భాష మాట్లాడితే, ఇదేం భాష అని ఒక తెలుగామె నన్ను అడుగుతున్నది. కోపం వచ్చింది గాని రూము కావాలె. నవ్విన.

ఆ నవ్వుకు నాకు శిక్ష పడ్డది. రోజు పొద్దున నేను కాలేజీకి దిగంగ ఆమె మెట్ల కాడ నిలవడి నా తెలుగు దిద్దుతది. నల్లా ఎప్పుడొస్తది అంటే, "నల్లా కాదు బాబూ, కుళాయి." ఈడ దోమలు మస్తున్నయి అంటే, "మస్తు ఏంటి, చాలా అనాలి." నేను ఎట్ల అన్న గూడ కుళాయిల నీళ్ళు మాత్రం రెండు రోజులకు ఒకసారే వచ్చినయి.

దానికి తోడు ఆస్పత్రి వార్డుల ఇంకో పరీక్ష. కాలేజీకి ఆనుకొని ఆస్పత్రి. మాకు మొదటి సంవత్సరం నుంచే ఆడ పని. మంచం దుప్పటి ముడత లేకుండ పరచడం, రోగి ఒళ్ళు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం, తీయడం, జ్వరం చూడడం. ఒక మంచం మీద గోళీ అంటరు, ఇంకో మంచం మీద మాత్ర అంటరు, మూడో మంచం మీద గుళిగె అంటరు. ఏ మంచం కాడ ఏ మాట వాడాలెనో యాది పెట్టుకోవడమే నాకు సగం చదువయింది. హాజరు పుస్తకంల మాత్రం నేను చాన రోజులు కుమారినే. కాగితం ఇచ్చినం గద సార్ అంటే, పై నుంచి రావాలె అన్నరు. ఆ మాట పిలిచినప్పుడల్ల క్లాసు క్లాసంత నవ్వింది. నేను హాజర్ అన్న.

ఈ మధ్యల రాయచూరు నుంచి ఫోన్లు మొదలైనయి. మేనత్త చేసి, పాపకు విరేచనాలు తగ్గుతలేవు ఏం గోళీ ఇయ్యాలె అంటది. ఎవరో దూరపు బావ, మొకం గూడ చూడలే నేను, కడుపుల రాయి ఫొటో పంపి, ఆపరేషన్ కావాల్నా వద్దా అంటడు. నేను డాక్టరును గాదు, డాక్టరుకు చూపెట్టుండ్రి అంటే, "పెద్దోడైనవు, మాకెందుకు చెప్తవు లే" అని అలుగుతరు. చెప్తే తప్పు, చెప్పకుంటే పొగరు. ఒకరోజు ఓపిక చాలక అవ్వకు ఫోన్ చేసిన.

"అవ్వా, నేను నర్సు. అందరికి అదే చెప్పు. ఇంకోసారి డాక్టరు అన్నవంటే నేను రాయచూరుకు రానే రాను."

"నర్సు అంటే ఆడోళ్ళు రా. నిన్ను ఆడోళ్ళల్ల కలిపి చెప్పాల్నా?"

"బ్రదర్ అని చెప్పు మరి."

"బ్రదర్ అంటే ఫాదరు లెక్క ఉంటది. చర్చిల కలిసిండు అనుకుంటరు."

ఫోన్ పెట్టేసిన.

రెండో సంవత్సరం నడుస్తున్నది. ఒకరోజు పొద్దున, మొగోళ్ళ వార్డుల నా డ్యూటీ. జేబుల ఫోన్ వణుకుతనే ఉన్నది. పక్కకు పోయి ఎత్తిన. అవ్వ.

"బస్టాండుల దిగినం. మనిషిని పంపు."

"ఎవరు దిగిన్రు? ఏ మనిషి?"

"నేను, కల్లూరు మీ పెద్దనాయన. కాలు బాగలేదు వానికి. నీ దవాఖానల చూపెడ్త అని తోలుకొచ్చిన. నీ కింద పని చేసేటోళ్ళు ఉంటరు గద, ఒకన్ని పంపు."

కల్లూరు పెద్దనాయన అంటే మా నాయినకు పెద్దనాయన కొడుకు. పత్తి, కంది పండిస్తడు. గట్టి మనిషి, మాట ఇంకా గట్టి. ఆయనకు చక్కెర రోగం ఉన్నదని అందరికి తెలుసు, ఆయన మాత్రం ఒప్పుకోడు. నేను డ్యూటీ ఇడిసి రాలేను, ఆడనే కూసోండ్రి, మధ్యాహ్నం వస్త అని చెప్పిన. అవ్వ సరే అన్నది.

సరే అన్నంక, పావుగంట గూడ గాలే, ఆటోల ఆస్పత్రికే వచ్చిన్రు. వార్డు బయట బల్ల కాడ ఉన్న సిస్టర్‌ను అవ్వ నా పేరు చెప్పి, "మా డాక్టరు సాబ్ ఏడున్నడు?" అని గట్టిగ అడుగుతున్నది. ఆ గొంతు వార్డు ఆఖరి మంచం దాక వినపడ్డది. సిస్టర్లు పెదవులు బిగపట్టుకున్నరు. నేను అప్పుడే ఒక ముసలాయన మంచం కాడి నుంచి బెడ్‌పాన్ తీసుకొని బయటికి వస్తున్న. తలుపుల నేను, ఎదురుంగ పెద్దనాయన.

ఆయన నా తెల్ల అంగీ చూసిండు. తర్వాత నా చేతులు చూసిండు.

"ఏందిరా అది?"

"బెడ్‌పాన్ పెద్దనాయనా."

"నేర్చుకునేటప్పుడు డాక్టర్లతోటి అన్ని చేయిస్తరు" అన్నది అవ్వ, ఒక్క క్షణం గూడ తడుముకోకుండ.

సంవత్సరం సంది ఫోన్లల్ల మింగిన కోపమంత ఒక్కసారే కక్కిన. "లేదు పెద్దనాయనా, నేను డాక్టరును గాదు. కాబోను గూడ. నర్సింగ్ చదువుతున్న. డాక్టరు లోపల ఉన్నరు. జర ఆగు, చీటి రాయిపిస్త, చూపెట్టుకుందువు" అన్న. బెడ్‌పాన్ చేతిల పట్టుకొనే అన్న.

పెద్దనాయన అవ్వ దిక్కు తిరిగిండు. "చిన్నమ్మా, బస్సెక్కిన కాడి నుంచి దిగిందాక డాక్టరు డాక్టరు అన్నవు. కండక్టరుకు గూడ చెప్పినవు."

అవ్వ కొంగు సర్దుకున్నది.

"నడువు పోదాం. ఎత్తి పోసేటోనికి చూపెట్టనీకె ఇంత దూరం వస్తిమా?" అని ఆయన కుంటుకుంట ఎనకకు మళ్ళిండు. నాలుగడుగులు వేసి, నొప్పికి ఆగక, గోడ పక్క బెంచీ మీద కూలబడ్డడు.

నేను పోయి చేతులు కడుక్కొని వచ్చిన. ఆయన ముందర గొంతుక్కూసొని కాలుకు చుట్టిన గుడ్డ ఇప్పిన. వద్దు అన్నడు, నేను వినలే. పత్తి కట్టె గుచ్చుకున్నదంట అరికాలుల. ఎప్పుడో. దాని మీద పసుపు, ఏదో ఆకు పసరు, ఇంకేదో నల్ల పొడి. కింద మాంసం మెత్తబడి ఉన్నది. వాసనకు పక్కన కూసున్నామె లేచి పోయింది.

"నొప్పి లేదా ఇది?"

"మొన్నటి దాక లేదు. అందుకే ఊరుకున్న."

ఆ మాట వినంగనే నాకు భయమయింది. నొప్పి తెలుస్తలేదంటే చక్కెర ఎంత దూరం పోయిందో చదివిన నేను. భయం కోపం లెక్కనే బయటికి వచ్చింది. "పోతే పో పెద్దనాయనా, నేను ఆపను. నన్ను తిట్టుకుంటనే పో. గాని డాక్టరుకు చూపెట్టి పో. ఇట్లనే పోయినవంటే మళ్ళ వచ్చేటప్పుడు ఈ కాలు ఉండదు" అన్న. గట్టిగనే అన్న. మా సిస్టర్ తొంగి చూసింది. పెద్దనాయనను అట్ల అన్నోళ్ళు మా ఇంట్ల ఇప్పటిదాక లేరు. ఆయన లేవబోయినోడు మళ్ళ బెంచీ మీదనే కూసున్నడు.

డాక్టరు చూసి అదే చెప్పిండు. చెడిన కండ కోసి తీసిన్రు. చక్కెర చూస్తే మిషన్ మీద అంకె చూసి సిస్టర్ కనుబొమ్మలు లేచినయి. చేర్చుకుంటం అంటే పెద్దనాయన ససేమిర అన్నడు. అయితే గాయం మానేదాక రోజు వచ్చి కట్టు కట్టించుకోవాలె, సూది తీసుకోవాలె అన్నడు డాక్టరు. రోజు కల్లూరు నుంచి ఆ కాలుతోటి రావడం అయ్యేది కాదు. రూము ఎవరిది ఉన్నది ఈ ఊర్ల? నాదే.

ఒక మంచం, ఒక కిటికి ఉన్న రూముల ముగ్గురం. మంచం పెద్దనాయనకు. కిటికి కాడ అవ్వ. నేను తలుపుకు అడ్డం. పొద్దున లేస్తే ఎవరో ఒకరి కాలు నా పుస్తకం మీద ఉంటది. పెద్దనాయన బీడీ తాగుతడు, వద్దంటే మెట్ల మీద కూసొని తాగుతడు. ఓనరమ్మకు మాట్లాడనీకె మనుషులు దొరికిన్రు. ఆమె మా అవ్వ తెలుగు గూడ దిద్దుతది, నాకు తోడు దొరుకుతది అని నేను చూస్తున్న. అవ్వది ఒక్క మాట గూడ దిద్దలే. పైగ నాలుగు రోజులకు ఆమెనే "గట్లనా వదినా" అనబట్టింది. నన్ను ఇన్ని నెలలు ఎందుకు సతాయించినట్టు?

అసలు గొడవ తిండితోటి వచ్చింది. పొద్దున సూది ఇప్పిచ్చుకొని వస్తం, మాపటికి చూస్తే చక్కెర అంతే ఉంటది. సూది పని చేస్తలేదా అని డాక్టరు గూడ అనుమానపడ్డడు. ఒకరోజు కాలేజీ నుంచి జల్ది వస్తే, కింద వరండాల పెద్దనాయన కూసొని గిన్నెడు పాయసం తింటున్నడు. ఓనరమ్మ పక్కన గంటె పట్టుకొని నిలవడ్డది.

"ఆంటీ! ఆయనకు చక్కెర రోగం."

"పాపం బాబూ, నోరు చప్పగా ఉందన్నారు. బెల్లంతోనే చేశాను, పంచదార వెయ్యలేదు."

"బెల్లమైతే ఏంది ఆంటీ, రెండు ఒకటే."

"అయ్యో, బెల్లం వేడి తగ్గిస్తుంది కదా."

పెద్దనాయన మా ఇద్దరి దిక్కు చూసుకుంట గిన్నె ఖాళీ చేసిండు. నేను ఎవరిని తిట్టాలె? ఇల్లు ఇచ్చిన ఆమెనా, నాయిన వరుసాయననా? పైకి పోయి అవ్వను తిట్టిన.

"ఎందుకు చెప్పినవు డాక్టరు అని? నా పరీక్షలు పోతున్నయి. వాళ్ళ ముందర, వీళ్ళ ముందర నా ఇజ్జత్ పోయింది. నీకేం వచ్చింది దీంట్ల?"

అవ్వ వక్క కత్తిరించుకుంట ఆగి నా దిక్కు చూసింది. "ఇంతకుముందు రాయచూరు పెద్ద దవాఖానకు రా అంటే వాడు వచ్చిండా? వాని పెండ్లాం ఏడ్చి అడిగితే గూడ రాలే. మన పిల్లగాడే డాక్టరు ఉన్నడు రా అన్న, బస్సెక్కిండు. నర్సు పిల్లగాడు ఉన్నడు అంటే ఎక్కుతుండెనా? చెప్పు."

ఆ కారణం అప్పటికప్పుడు పుట్టిందే అని నాకు తెలుసు. పెద్దనాయన కాలుల కట్టె గుచ్చుకోకముందు నుంచే ఆమె నన్ను డాక్టరును చేసింది. గాని ఆ మాటల తప్పు పట్టనీకె ఎంత వెతికిన నాకు దొరకలే. అది దొరకకనే నాకు ఇంకా మండింది. పుస్తకం తీసుకొని పోయి నీళ్ళ ట్యాంకు పక్కన కూసున్న.

ఆస్పత్రిల మా సిస్టర్, మీ ఇంటి మనిషే గద, నా కండ్ల ముందర నువ్వే కట్టు కట్టు అన్నది. రోజు పొద్దున పెద్దనాయన కాలు నా ముందర. పాత గుడ్డ తడిపి మెల్లగ ఇప్పాలె, సెలైన్ తోటి కడగాలె, చెడింది తుడవాలె, మందు పెట్టి కొత్త గుడ్డ చుట్టాలె. మొదట్ల ఆయన మొకం గోడ దిక్కు తిప్పుకొని కూసున్నడు. నాతోటి మాటలు బంద్. అయినంక లేచి పోతుండె. కొన్ని రోజులకు మాటలు మొదలైనయి, అన్ని వంకలే. ఎద్దు కాలుకు కట్టినట్టు గుంజి కడుతున్నవు అన్నడు. నిన్నటి సిస్టర్ చెయ్యే మెత్తగున్నది అన్నడు. ఒకరోజు మాత్రం, "నీకు వాసన రాదారా?" అని అడిగిండు.

"వస్తది."

"మరి?"

"వస్తే ఏం చేస్త? ముక్కు మూసుకుంటే ఒక చెయ్యి పోతది. రెండు చేతులు కావాలె దీనికి."

ఆ రోజు ఆయన గోడ దిక్కు తిరగలే. నేను చేసేది మొత్తం చూసిండు. గుడ్డ ముడి వేసినంక కాలు కొంచెం ఎత్తి చూసుకొని, "ఇయాల గట్టిగ లేదు" అన్నడు.

గాయం అంచుల ఎర్రగ కొత్త చర్మం పట్టింది. ఓనరమ్మతోటి నేను పోట్లాడి, బతిమాలి, ఆఖరుకు పాయసం బందయింది. సూది ఎట్ల తీసుకోవాలెనో, కట్టు ఎట్ల మార్చాలెనో కల్లూరు నుంచి పెద్దమ్మను పిలిపిచ్చి ఆమెకు నేర్పిన. ఆమె ఒక్కసారికే నేర్చుకున్నది. ఆయనను తోలుకొని పోయింది. అవ్వ మాత్రం పోలే. ఓనరమ్మ ఇంకో వారం ఉండమన్నదంట. ఆ రూము నాదన్నట్టు ఎవరికి యాది లేదు.

ఆ ఏడు నేను ఒక సబ్జెక్టుల ఫెయిలైన. అవ్వ తప్పే అని చెప్పుకోవచ్చు గాని, ఆ సబ్జెక్టు నాకు ముందు నుంచే రాదు. మళ్ళ రాసి గట్టెక్కిన.

కల్లూరుకు పోయినంక పెద్దనాయన ఒక్కటి మాత్రం చేసిండు. అడిగినోళ్ళకు, అడగనోళ్ళకు అందరికి, నేను డాక్టరును గాదని చెప్పిండు. వార్డుల ఏం పట్టుకొని కనపడ్డనో గూడ చెప్పిండు. రాయచూరు దాక వచ్చింది ఆ మాట. మేనత్త ఫోన్ చేసి, "ఇన్ని రోజులు మమ్మల్ని మోసం చేసిన్రు" అన్నది. నేను ఎన్నిసార్లు చెప్పిననో యాది చెయ్యబోయి, ఊరుకున్న. దుకాణానికి వచ్చిన ఒకాయన నాయినను ఎగతాళి చేసిండంట, కొడుకు నర్సమ్మ అయిండు గద అని. నాయిన, "అవును, నర్సే. మా అన్న కాలు వాడే నిలవెట్టిండు. నీకు బిందె కావాల్నా, వద్దా?" అన్నడంట. ఇది అమ్మ ఫోన్‌ల చెప్పింది. నాయిన నాతోటి ఈ సంగతి ఇప్పటికి ఎత్తలే. నేను గూడ అడగలే.

డాక్టరును గాదని తెలిసినంక ఫోన్లు ఆగుతయి అనుకున్న. ఆగలే. ఇంతకుముందు ఏం గోళీ వేసుకోవాలె అని అడిగేటోళ్ళు, ఇప్పుడు ఏ డాక్టరు మంచోడు, సూది నువ్వొచ్చి ఇస్తవా, అమ్మకు కట్టు మార్చాలె ఎప్పుడు వస్తవు అని అడుగుతున్నరు. సెలవుకు ఇంటికి పోతే రెండు రోజులు అన్నం తిననీకె తీరిక దొరకదు.

మొన్న పెద్దనాయన చేసిండు. ఇంకో కాలు అరికాలు మంటలు లేస్తున్నదంట.

"రాయచూరు దగ్గర గద నీకు. ఆడ పెద్ద దవాఖానకు పో పెద్దనాయనా" అన్న.

"ఆడ నాకు ఎవరు తెలుసు?"

"నాకు పరీక్షలు దగ్గర పడ్డయి. డాక్టరు ఏడైన డాక్టరే."

"డాక్టరు సంగతి అడిగిన్నా నేను? నీ డ్యూటీ పొద్దునా మాపునా, అది చెప్పు" అన్నడు.

పొద్దున అని చెప్పిన. ఏం చేస్త?